తొమ్మిది రాత్రులు ఫెయిలైన బ్యాకప్

ఏడు గంటల పన్నెండు నిమిషాలు. ఆమదాలవలస స్టేషన్.

ప్యాసింజర్ కదిలింది.

శివాజీ పరిగెడుతున్నాడు. ప్లాట్‌ఫాం అంచు మీద, జనాన్ని భుజంతో తోసుకుంటూ... ఎవరిదో జామపళ్ల బుట్ట కాలికి తగిలి బోర్లా పడుతుంది. వెనక నుంచి బూతులు. తిరిగి చూడడు.

చివరి పెట్టె. తలుపు కడ్డీ వేళ్లకు అందుతుంది. జారిపోతుంది. మళ్లీ అందుకుంటాడు.

ఒక్క గెంతు!

లోపల పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. ఊపిరి అందడం లేదు.

నొప్పి తెలియడం లేదు. కళ్ల ముందు ఒకటే దృశ్యం. రెండు పెట్టెల అవతల, కిటికీ పక్కన అరుణశ్రీ. అతని భార్య.

ఆమె పక్కన సంజయ్.

ఆమె ఒళ్లో సంజయ్ నల్ల బ్యాగు. రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది. భర్త బ్యాగును ఆమె ఏనాడైనా అలా పట్టుకుందా?

సాయంత్రం నాలుగింటికి, అతను పని మీద బయట ఉండగా ఫోన్ చేసింది. పొందూరులో అక్క ఇంటికి వెళ్తున్నానని, రాత్రికి అక్కడే ఉంటానని చెప్పింది. గొంతులో తడబాటు లేదు. ఇంత నున్నగా అబద్ధం చెప్పగలదని ఆరేళ్ల కాపురంలో అతనికి తెలియనే లేదు.

ఈ బండిలో పెట్టె నుంచి పెట్టెకు లోపల దారి లేదు. స్టేషన్ రావాలి. దిగాలి. పరిగెత్తాలి. మళ్లీ ఎక్కాలి.

తర్వాతి స్టేషన్ దూసి.

శివాజీ తలుపు దగ్గర నిలబడ్డాడు. పిడికిలి బిగించి.

ఇదంతా పది రోజుల కిందట మొదలైంది.

శ్రీకాకుళంలో జగన్నాధం అనే బోట్ల ఓనరు ఆఫీసు ఉంది. ఆయనవి నలభై మరబోట్లు. ఒక్కో బోటులో ఒక్కో ట్రాకర్. ఆ బోటు సముద్రం మీద ఎక్కడుందో రెండు నిమిషాలకోసారి ఆఫీసులో ఉన్న సర్వర్‌కి పంపుతుంది. బోట్లకి బీమా ఇచ్చిన కంపెనీ పెట్టిన షరతు అది. ఆ సర్వర్‌కి కాపలా మనిషి శివాజీ. కళింగపట్నం మత్స్యకారుల ఇంట్లో వల వదిలి కీబోర్డు పట్టిన మొదటివాడు.

రోజూ రాత్రి ఒకటిన్నరకి బ్యాకప్ జాబ్ దానంతటదే నడుస్తుంది. డేటా మొత్తానికి నకలు తీస్తుంది. ఏడేళ్లలో ఒక్క రాత్రి తప్పలేదు.

ఆ రోజు ఉదయం స్క్రీన్ మీద ఎర్ర గుర్తు. జాబ్ ఫెయిల్డ్.

కారణం కూడా రాసి ఉంది. డిస్క్‌లో చోటు లేదట.

డిస్క్ తెరిచి చూశాడు. సగం ఖాళీ!

రెండో రోజు అదే ఎర్ర గుర్తు. అదే కారణం. అదే ఖాళీ డిస్క్. పగలు తన చేత్తో నడిపిస్తే జాబ్ చక్కగా నడిచింది. రాత్రి మళ్లీ చచ్చింది. పాత ఫైళ్లు తీసేశాడు. టైం రెండింటికి మార్చాడు. రెండింటికీ చచ్చింది. తిరిగి ఒకటిన్నరకే పెట్టాడు.

నాలుగో రోజు, రాత్రి నకలు తమకి చేరడం లేదని బీమా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఐదో రోజు జగన్నాధం అందరి ముందూ ఒకే మాట అన్నాడు. "నీ వల్ల కాదుగానీ, సంజయ్‌ని సూడమను."

సంజయ్...

చేరి ఆరు నెలలు కాలేదు. నెట్‌వర్క్ పని చూస్తాడు. విజయనగరం మనిషి, అక్కడి బాప్టిస్టు చర్చిలో పాటలు పాడతాడట. మెత్తటి గొంతు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. అరుణశ్రీది కూడా అదే ఆఫీసు. ఏ ట్రాకర్ ఏ బోటుదో రాసి పెట్టే పని ఆమెది. ఆమె సీటుకి రెండడుగుల దూరంలో సంజయ్ సీటు. ఇంట్లో కూర వడ్డిస్తూ కూడా ఆ పేరే. సంజయ్‌గారికి ఎంత ఓపికో, సంజయ్‌గారు ఎవరినీ విసుక్కోరని... శివాజీ కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ సంజయ్ వచ్చి సర్వర్ ముందు గంట కూర్చుని, తనకేమీ అంతు పట్టడం లేదన్నాడు. శివాజీకి లోపల్లోపల ఎంత సంతోషం వేసిందో!

ఏడో రోజు శివాజీ ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాడు. ఐదు నిమిషాలకోసారి డిస్క్‌లో ఎంత చోటుందో అది నోట్ చేస్తుంది. పొద్దున్నే చూశాడు.

ఒకటీ పదికి చోటు తగ్గడం మొదలైంది. ఒకటిన్నరకల్లా డిస్క్ నిండిపోయింది. మూడింటికి మళ్లీ ఖాళీ.

ఎవరో రాత్రిపూట ఏదో పెద్ద ఫైలు తెచ్చి ఇక్కడ విప్పుతున్నారు. తెల్లారేలోపు తుడిచేసి పోతున్నారు.

ఎవరు?

సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసి ఉండే లాగ్ తెరిచాడు. ఒకే ఒక్క లైను. అందులో లాగిన్ పేరు... సంజయ్.

ఆ రాత్రి శివాజీ నిద్రపోలేదు. ఒకటీ పదికి పక్కలో అరుణశ్రీ లేచింది. చప్పుడు చేయకుండా డాబా మీదకి వెళ్లింది. ఆమె తిరిగొచ్చి పడుకున్నాక ఫోన్ తీసి చూశాడు. సంజయ్, నలభై నిమిషాలు. ముందు రాత్రీ సంజయ్. అంతకు ముందు రాత్రీ...

సర్వర్ సంగతి అతని బుర్రలోంచి ఎగిరిపోయింది. సంజయ్ అక్కడ ఏం విప్పుతున్నాడని కూడా ఆలోచించలేదు. ఆఫీసు పని వంకతో మేలుకుని నా పెళ్లాంతో మాట్లాడుతున్నాడు. అంతే. ఆ లైనును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు ఓనరు ముందు పడేయడానికి.

నిన్న కొత్త డిస్క్ తెచ్చి సర్వర్‌కి తగిలించాడు. వాడేం చేసుకుంటాడో చేసుకోనీ, నా బ్యాకప్ నడవాలి, వాడి వల్ల కానిది నేను చేసి చూపించాలి... అదొక్కటే పట్టుదల. ఈ ఉదయం పచ్చ గుర్తు వచ్చింది. తొమ్మిది రాత్రుల తర్వాత.

ఉదయం అరుణశ్రీ ముఖంలో కూడా వెలుగు. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

సాయంత్రం అతను తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఆఫీసు గేటు దగ్గర ఒకే ఆటో ఎక్కుతున్నారు. వెంటపడ్డాడు.

దూసి!

బండి పూర్తిగా ఆగకముందే దూకుతాడు. పరుగు. ఒక పెట్టె దాటాడు. రెండోది అందేలోపు కూత. మధ్య పెట్టెలోకి ఎక్కుతాడు. వాళ్లది దీని ముందు పెట్టె.

తర్వాత పొందూరు.

పొందూరులో అతను పరిగెత్తడు. తలుపు పట్టుకుని వేలాడుతూ ముందు పెట్టె వైపే చూస్తున్నాడు. ఆమె దిగితే చాలు. అక్క ఇంటికే వచ్చిందని నమ్మేస్తాడు. మిగతావన్నీ మరిచిపోతాడు. దిగు... దిగు అరుణా...

ముసలమ్మ దిగింది. ఖద్దరు మూటలతో ఇద్దరు మగవాళ్లు దిగారు.

అరుణశ్రీ దిగలేదు.

బండి కదిలింది. 

శివాజీ జేబులోంచి ఫోన్ తీసి జగన్నాధానికి కొట్టాడు. సంజయ్ మన సర్వర్‌లో డేటా దొంగిలించాడని, నల్ల బ్యాగులో పెట్టుకుని ప్యాసింజర్‌లో పారిపోతున్నాడని చెప్పాడు. వాడి కాలర్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీద ఈడుస్తుంటే అరుణశ్రీ చూడాలి. అతనికి కావలసింది అదొక్కటే.



అవతల నుంచి ప్రశ్నలు. ఏ బండి, ఏ పెట్టె, ఇంకెవరున్నారు... అరుణశ్రీ కూడా ఉందని శివాజీ చెప్పాడు. జగన్నాధానికి ఆశ్చర్యం కలగలేదు.

"ఏ తేదీ డేటా పట్టుకెల్లినాడు?"

శివాజీ తెలియదన్నాడు.

"సరే. చీపురుపల్లిలో ధనరాజుని పెడతన్నాను. నేనూ ఆ దగ్గర్లోనే ఉన్నాను. ఆళ్లిద్దర్నీ మేం దింపుకుంటాం. నువ్వు మాత్రం ఆ పెట్టె దరిదాపులకి రాకు."

ఫోన్ పెట్టేశాడు.

శివాజీ అలాగే నిలబడిపోయాడు. ధనరాజు ఎందుకు? ధనరాజు పదిహేడో నెంబరు బోటు సరంగు. బోటు నడిపే మనిషికి దొంగను పట్టుకునే పనేమిటి? నా పెళ్లాన్ని దింపుకోవడమేమిటి? ఓనరు తేదీ ఎందుకు అడిగాడు?

తేదీ...

ఫోన్‌లో ఫొటో తెరిచాడు. లాగ్‌లోని ఆ ఒక్క లైను. రెండు వేళ్లతో పెద్దది చేశాడు. రెండు రోజులుగా అతని కళ్లు సంజయ్ అన్న పేరు దగ్గరే ఆగిపోతున్నాయి. ఇప్పుడు పక్కకు జరిపాడు. సంజయ్ విప్పుతున్న పాత బ్యాకప్ ఫైలు పేరు. పేరు చివర తేదీ.

నవంబరు పన్నెండు.

 కడ్డీ పట్టుకున్నాడు.

నవంబరు పన్నెండు రాత్రి అతని అన్న లక్ష్ముడు చనిపోయాడు.

లక్ష్ముడిది చిన్న ఫైబర్ తెప్ప. ఓనర్ల మరబోట్లు ఒడ్డు దగ్గరకొచ్చి చిన్నవాళ్ల వలలు కోసుకుపోతున్నాయని ఊరందరి చేతా సంతకాలు పెట్టించి, తిరగని ఆఫీసు లేదు. ఆ రాత్రి ఒంటరిగా వేటకి వెళ్లాడు. తెల్లారి తెప్ప రెండు ముక్కలై కళింగపట్నం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. రెండు రోజులకి మనిషి. కెరటం తిరగబడిందన్నారు అందరూ. జగన్నాధం స్వయంగా వచ్చి పాడె మోశాడు. కెరటానికి తెప్ప అలా విరగదని ఒక్క తల్లి బుల్లమ్మే అంది. ఓనరు మీద నిందలు వేస్తే ఊరుకోనని ఆ తల్లి మీద అరిచింది ఎవరు?

శివాజీయే.

సర్వర్‌లోనూ, బీమా కంపెనీ దగ్గరా మూడు నెలలు దాటిన డేటా తుడిచిపెట్టుకుపోతుంది. నవంబరుది ఇప్పుడు రెండు చోట్లా లేదు. కానీ వారానికొక బ్యాకప్ పాత డిస్కుల్లో వేసి బీరువాలో దాచడం శివాజీ అలవాటు. ఆ సంగతి జగన్నాధానికి తెలియదు.

అరుణశ్రీకి తెలుసు.

సిగడాం!

దూకాడు. పడ్డాడు. లేచాడు. పరుగు. ముందు పెట్టె మెట్టు మీద కాలు పడేసరికి బండి కదిలింది.

అరుణశ్రీ తలెత్తి చూసింది. బ్యాగును గుండెలకి హత్తుకుంది. సంజయ్ లేచి ఆమెకి అడ్డంగా నిలబడబోయాడు. ఆ అడ్డంగా నిలబడటం శివాజీకి గుండెల్లో గుచ్చుకుంది... ఇప్పుడు కూడా.

"ఆ బ్యాగులో ఏటున్నాది?" అన్నాడు.

"మీ అన్నని సంపినోడున్నాడు బావ," అంది అరుణశ్రీ.

తర్వాత ఆమె గబగబా చెప్పింది. మధ్యమధ్య సంజయ్ అందించాడు. ఆ రాత్రి రెండూ నలభైకి పదిహేడో నెంబరు బోటు ఒడ్డుకి రెండు మైళ్లలో ఉంది. అక్కడ మరబోటు ఉండకూడదు. పూర్తి వేగంతో ఒకచోటికి వచ్చి ఆగింది. చుట్టు తిరిగింది. మళ్లీ పూర్తి వేగంతో సరిగ్గా ఆ చోటి మీదుగానే పోయింది. ఒకసారి గుద్దితే ప్రమాదం అనుకోవచ్చు. తిరిగొచ్చి రెండోసారి...

పాత ఫైలు విప్పితే గానీ అది కనబడదు. రాత్రి ఒంటిగంట దాకా ఆఫీసులో జనం ఉంటారు. ఆ తర్వాతే విప్పాలి. విప్పుతుండగా ఒకటిన్నరకి శివాజీ జాబ్ మొదలయ్యేది. ఉన్న చోటు ఇద్దరికీ చాలక రెండూ ఆగిపోయేవి. అలా తొమ్మిది రాత్రులు. నిన్న శివాజీ కొత్త డిస్క్ తగిలించాడు. నిన్న రాత్రే పూర్తయింది. బోటు తిరిగిన ఆ దారంతా బీరువాలోంచి తీసిన ఆ పాత హార్డ్‌డిస్క్‌లోకే ఎక్కించుకుని, విజయనగరంలో లాయరుగా ఉన్న సంజయ్ పిన్ని జ్ఞానసుందరి దగ్గరకి తీసుకెళ్తున్నారు.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నేరుగా ఓనరు దగ్గరికెల్లి అడిగేస్తావు. ఆయన కాదంటే నమ్మీస్తావు. కన్నతల్లి సెప్తే నమ్మినావా?"

 అయినా ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది. ఆపుకోలేకపోయాడు. "మరి రోజూ రాత్రి డాబా మీద... ఆ నలబై నిమిషాలు..."



"ఏ ట్రాకరు ఏ బోటుదో నేను సదివితే ఆయన రాసుకునేవోడు. మీ అమ్మ నా పక్కనే కూకునేది బావ. ఒక్కసారి మెట్లెక్కి సూడలేకపోనావు."

శివాజీ తల వంగిపోయింది.

తల వంచుకునే చెప్పాడు. ఓనరుకి ఫోన్ చేశానని. చీపురుపల్లిలో ధనరాజు కాచుకుని ఉన్నాడని. అరుణశ్రీ గోడకి ఆనుకుంది. సంజయ్ మాత్రం ఎన్ని నిమిషాలుందని అడిగాడు.

తొమ్మిది.

"బ్యాగు ఇలాగియ్యి," అన్నాడు శివాజీ.

ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇది దొరక్కపోతే ఆళ్లు బండంతా ఎతుకుతారు. మీరిద్దరూ దొరికిపోతారు. ఇయ్యి అరుణా."

సంజయే ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి బ్యాగు అతనికి అందించాడు. తన భార్య వేళ్ల మీద ఆ వేళ్లు. శివాజీ చూపు తిప్పుకున్నాడు.

చీపురుపల్లి దీపాలు కనబడుతున్నాయి. ఇద్దర్నీ టాయిలెట్‌లోకి తోసి గడియ పెట్టుకోమన్నాడు. ఆ ఇరుకులో, ఆ ఇద్దరూ... తలుపు మూసుకుంటుంటే అతని చెయ్యి ఒక్క క్షణం ఆ తలుపు మీదే ఉండిపోయింది. సిగ్గులేని మనసు. చావు ఎదురుగా ఉన్నా లెక్కలే చూస్తోంది.

బ్యాగుతో దిగాడు.

ధనరాజు ఎదురుగా ఉన్నాడు. ఒక్కడే. పొడుగాటి మనిషి. చొక్కా కింద నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఏదో ఉంది. శివాజీ బ్యాగు పైకెత్తి చూపించాడు. గొడవపడి లాక్కున్నానని, వాళ్లు సిగడాంలో దిగి పారిపోయారని చెప్పాడు. ధనరాజు జిప్పు తీసి హార్డ్‌డిస్క్ చూసుకున్నాడు. కిటికీల వైపు చూశాడు. ఒక్కొక్క కిటికీ...

కూత.

బండి కదిలింది. ఆఖరి పెట్టె దీపం కూడా పోయింది. శివాజీ అప్పటికి ఊపిరి వదిలాడు.

ధనరాజు అతని మోచేయి పట్టుకుని బయట జీపులోకి ఎక్కించాడు. ఊరు దాటి, జీడితోటల మధ్య మట్టిరోడ్డు మీద ఆపాడు. అక్కడ జగన్నాధం కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

ఆయన డిస్క్ అందుకుని రాయి మీద పెట్టాడు. ధనరాజు జాకీ రాడ్డుతో కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. అద్దంలాంటి పలకలు ముక్కలై ఎగిరాయి.

అన్న రెండోసారి చచ్చిపోయాడు.

"సిగడాంలో దిగిపోనారంటే నేను నమ్మేస్తానేటిరా?" అన్నాడు జగన్నాధం, చేతులు దులుపుకుంటూ. ధనరాజు వైపు తిరిగి, విజయనగరం స్టేషన్‌లో మనవాళ్లకి ఫోన్ కొట్టమన్నాడు. ప్యాసింజర్ చేరడానికి ఇంకా అరగంట ఉంది. ఆడమనిషిని కూడా వదలొద్దన్నాడు. ధనరాజు సిగ్నల్ కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని అటు నడిచాడు.

శివాజీ ఒక అడుగు ముందుకేశాడు. ఏదో ఒకటి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి!

"ఇంకెక్కడైనా నకలున్నాదా?" అన్నాడు జగన్నాధం.

లేదనబోయాడు శివాజీ.

ఆగిపోయాడు.

నిన్న రాత్రి ఒకటిన్నర. జాబ్ మొదలైంది. సర్వర్‌లో ఆ క్షణాన ఏమేం ఉంటే అవన్నీ నకలు తీస్తుంది. ఏది కావాలి, ఏది వద్దు అని అడగదు. అతనే అలా రాశాడు. ఒకటిన్నరకి సంజయ్ విప్పిన నవంబరు డేటా అక్కడే ఉంది. తొమ్మిది రాత్రుల తర్వాత మొదటిసారి చోటు సరిపోయింది. జాబ్ ఆగలేదు. పచ్చ గుర్తు... పచ్చ గుర్తు తర్వాత ఆఖరి పని ఒకటుంది. ఆ నకలును నాలుగు గంటలకల్లా విశాఖలోని బీమా కంపెనీ సర్వర్‌కి పంపేస్తుంది.

పంపేసింది.

అతనికి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"ఉన్నాది బాబూ," అన్నాడు. నెమ్మదిగా, విడమరిచి అంతా చెప్పాడు. అక్కడ నుంచి తీసేయడం తన చేతుల్లో లేదన్నాడు. ఇప్పుడు ఆ ఇద్దర్నీ చంపినా ఆ దారి చెరగదన్నాడు.

జగన్నాధం ముఖం ఒక్క క్షణం కదిలింది. అంతే. ఆయన పాత వ్యాపారి. వెంటనే లెక్క మార్చేశాడు. దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇను శివాజీ. ఆ దారి సూస్తే బోటు నెంబరు కనపడతాది. నేను కనపడను. ఆ రాత్రి బోటు మీదున్నది ధనరాజు. నేను బెదిరించి రమ్మన్నాను, ఈడే గుద్దీసినాడు అంటాను. మీ అన్నని సంపినోడ్ని నీకు అప్పజెప్తన్నాను. ఉరేయించుకో. నన్నొగ్గీ."

ఆయన వెనక, జీపు దీపాల వెలుగు అంచున, ధనరాజు ఆగిపోయి ఉన్నాడు. చెవి దగ్గర ఫోన్ లేదు. చెయ్యి నడుం దగ్గరకి దిగింది. నంబరు ఇంకా నొక్కలేదు.

శివాజీ చూశాడు. జగన్నాధం చూడలేదు.

ఒక్క సైగ చేస్తే ఓనరు పక్కకి తప్పుకుంటాడు. పాడె మోసిన మనిషి. ఏడేళ్లు అన్నం పెట్టిన మనిషి.

శివాజీ సైగ చేయలేదు.

"సరిగా ఇనపడలేదు బాబూ," అన్నాడు. "ఎవుడు సంపినాడంటారు? కాస్త గట్టిగా సెప్పండి."

జగన్నాధం గట్టిగా చెప్పాడు.

"ధనరాజు."

జీడితోటలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. తుపాకి చప్పుడు శివాజీ చెవుల్లో గింగిరాలు తిరుగుతుండగానే, భుజం మీద ఉన్న చెయ్యి బరువెక్కి... జారిపోయింది.